చెట్టు కొలతలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ విషయం మీద మాట్లాడతావని సంఘం కార్యదర్శి అడిగితే చెట్ల గురించి అన్నాను. "మొక్కలు నాటడం గురించా?" అన్నారు. కాదండీ, కొలవడం గురించి. నాటడానికి మనకు మనుషులు బోలెడు మంది ఉన్నారు, ఫొటోలూ దిగుతారు. ఈ ఊళ్ళో వందేళ్ళ కిందటి చెట్టు ఎక్కడుంది, దాని మొదలు చుట్టు ఎంత అని అడగండి, చెప్పేవాళ్ళు దొరకరు. రిటైరయినప్పటి నుంచి నా ఆదివారాలు ఈ పని మీదే గడుస్తున్నాయి. హైదరాబాదులో పెద్ద చెట్లు వెతకడం, టేపు చుట్టడం, నోటుపుస్తకంలో రాసుకోవడం.

పెద్ద చెట్టు అనగానే అందరూ అడవి వైపు చూస్తారు. మన ఊళ్ళో ఆ లెక్క కుదరదు. కేబీఆర్ పార్కు 350 ఎకరాలకు పైగా ఉంది, నెమళ్ళున్నాయి, గాలి బాగుంటుంది. కానీ అది రాతి నేల మీది పొదల అడవి. మన్ను లోతు లేని చోట చెట్టు బతుకుతుంది గాని బలవదు. మహావృక్షాలు కావాలంటే మనిషి నాగలి, గునపం పెట్టడానికి జంకిన చోట్లకు వెళ్ళాలి: దర్గాలు, శ్మశానాలు, గుడి వెనక ఖాళీలు, చెరువు కట్టలు, పాత బంగళాల ఆవరణలు, ఆస్పత్రులు, బడులు. భయమో భక్తో బద్ధకమో ఏదో ఒకటి వాటిని కాపాడింది. బద్ధకం చేసిన మేలు తక్కువదేం కాదు.

గోల్కొండ నయా ఖిల్లాలో గోల్ఫ్ మైదానం దగ్గర ఒక బావోబాబ్ ఉంది. అక్కడివాళ్ళు హాతియాన్ కా ఝాడ్, ఏనుగుల చెట్టు, అంటారు. దాని చుట్టుకొలత 27 మీటర్లకు పైగా, అంటే దాదాపు 89 అడుగులని ప్రచురించిన లెక్క. ఆఫ్రికా జాతి చెట్టు, కుతుబ్‌షాహీల నాడు వచ్చిందని చెబుతారు. మొదటిసారి చూసినప్పుడు అది చెట్టని అనిపించదు, కోటగోడలో భాగమేమో అనిపిస్తుంది.

ఇక కొలతలో చిన్నదే అయినా నాకు అంతకంటే పెద్దదనిపించేది ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తినప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఏటా ఆ తేదీన కొందరు అక్కడ చేరి గుర్తు చేసుకుంటారు. ఆ చెట్టుకు కథ ఉంది కాబట్టి గుర్తింపు ఉంది. కథ లేని చెట్టు గతేమిటి? దానికి కొలతే దిక్కు.

కొలవడం ఎలాగో చెబుతాను. ముందు మొదలు చుట్టు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, టేపు చుట్టాలి. అటవీశాఖవాళ్ళు దీన్ని ఛాతీ ఎత్తు అంటారు. నేల వాలుగా ఉంటే ఎగువ పక్క నుంచి ఎత్తు చూసుకోవాలి. ఆ ఎత్తులో బుడిపె ఉన్నా, అంతకు కిందే కొమ్మ చీలినా, దానికి దిగువన సన్నగా ఉన్న చోట కొలిచి, ఎంత ఎత్తున కొలిచామో పక్కన రాయాలి. దర్జీ టేపు వాడకండి, సాగుతుంది.

మర్రి దగ్గర ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. ఊడలు దిగి మొదలుతో కలిసిపోతే ఏది మొదలు, ఏది ఊడ? కోల్‌కతా పక్కన హౌరా బొటానికల్ గార్డెన్‌లోని మహా మర్రికి తెగులు పట్టి 1925లో అసలు మొదలే తీసేశారు. చెట్టు మాత్రం ఊడల మీద నేటికీ విస్తరిస్తూనే ఉంది. అందుకని మర్రికి నీడ కొలుస్తారు. మన కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది నీడ విస్తీర్ణంతోనే. 19,107 చదరపు మీటర్లని ఒక లెక్క, అంటే 4.7 ఎకరాలు. ఆ మాను శతాబ్దాలుగా అక్కడే ఉంది. పక్క ఊళ్ళవాళ్ళందరికీ తెలుసు. ప్రపంచానికి తెలియడానికి మాత్రం ఎవరో టేపు పట్టుకుని రావలసి వచ్చింది.

ఎత్తు దగ్గరికి వస్తే మన లెక్కల సార్లకు దండం పెట్టాలి. పదో తరగతిలో 'ఎత్తులు, దూరాలు' పాఠం ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. మార్కుల కోసమనుకున్నాను. చదరపు కాగితాన్ని మూలకు మడిస్తే 45 డిగ్రీల కోణం వస్తుంది. దాన్ని కంటి దగ్గర సమంగా పట్టుకుని, చెట్టు కొన ఆ వాలు గీత మీదికి వచ్చేదాకా వెనక్కి నడవాలి. మొదలు నుంచి మీరున్న దూరానికి మీ కంటి ఎత్తు కలిపితే చెట్టు ఎత్తు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పుస్తకంలో బొమ్మ వేసిన స్తంభానికి కొన సరిగ్గా మొదలు మీదే ఉంటుంది. నిద్రగన్నేరుకో రావికో అలా ఉండదు. మనం కొన అనుకున్నది మన వైపు 5 మీటర్లు ముందుకు వచ్చిన కొమ్మ అయితే, 45 డిగ్రీల దగ్గర మన లెక్క సరిగ్గా 5 మీటర్లు పెరిగిపోతుంది. గొడుగులా విప్పారిన చెట్లకు గొప్పగా చెప్పే ఎత్తులు చాలావరకు ఇలా పుట్టినవే. లేజర్ పరికరం ఉంటే కొన దాకా నేరుగా వాలు దూరం తీసుకుని, టాన్ బదులు సైన్‌తో గుణిస్తారు. అప్పుడు కొమ్మ ఎటు వాలినా బెంగ లేదు. లేకపోతే మరో రెండు దిక్కుల నుంచి కొలిచి చూసుకోవాలి.

నీడ వెడల్పు సులువే. కొమ్మల కొసల నుంచి వాన నీళ్ళు జారిపడే అంచు ఉంటుంది కదా, దాన్ని అడ్డంగా, నిలువుగా కొలిచి సగటు తీయడమే. అమెరికాలో 1940 నుంచి పెద్ద చెట్ల జాతీయ పట్టిక ఉంది. వాళ్ళ లెక్కలో చుట్టుకొలత అంగుళాల్లో, ఎత్తు అడుగుల్లో, నీడ వెడల్పులో నాలుగో వంతు అడుగుల్లో కలిపితే వచ్చేది ఆ చెట్టు మార్కు. అంగుళాలూ అడుగులూ కలపడమేమిటని లెక్కల సార్లు నవ్వొచ్చు. ఒక చెట్టును మరో చెట్టుతో పోల్చడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

వయసు మాత్రం నన్నడగకండి. లావు చూసి వయసు చెప్పడం జాతకం చెప్పడంలాంటిదే. నిద్రగన్నేరు త్వరగా లావెక్కుతుంది. బావోబాబ్ కాండం నీళ్ళు దాచుకుని ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. మన ఉష్ణదేశపు చెట్లలో చాలావాటికి ఏడాదికో వలయం స్పష్టంగా ఏర్పడదు. మూడు వందల ఏళ్ళని బోర్డు రాసిపెట్టిన చోట నేను చుట్టుకొలత మాత్రమే రాసుకుని వచ్చేస్తాను.

ఇదంతా పనిలేనివాడి పని అనేవాళ్ళకు చేవెళ్ళ మర్రిచెట్లు చూపిస్తాను. బీజాపూర్ రోడ్డులో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల మేర, నిజాముల నాటి మర్రులు సుమారు 900 ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు అవి కాగితాల మీద అంకె మాత్రమే. కొందరు పౌరులు రోడ్డు వెంట నడిచి ఒక్కొక్క చెట్టునూ లెక్కబెట్టి, ఏది ఎక్కడుందో గుర్తులు నమోదు చేశారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు వాదించగలిగారంటే చేతిలో ఆ జాబితా ఉండబట్టే. అలాంటి జాబితా లేకపోతే కొట్టేయవలసిన చెట్ల పట్టికలో నిరుడు నాటిన మొక్కా ఒకటే, తాతల నాటి మర్రీ ఒకటే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సైకిల్ స్టాండు పక్కన మన నిద్రగన్నేరు. కింద కూర్చోనివాళ్ళు ఈ హాల్లో లేరు. పోయిన ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లలిద్దరితో కలిసి కొలిచాను. చుట్టుకొలత 4 మీటర్ల 62 సెంటీమీటర్లు. ఎత్తు మూడు దిక్కుల నుంచి చూసి 19 మీటర్లు. నీడ ఒకవైపు 27, ఇంకోవైపు 24 మీటర్లు. అమెరికావాళ్ళ మార్కుల్లో 182, 62, 21 కలిపి 265. నీడ విస్తీర్ణం సుమారు 510 చదరపు మీటర్లు. మన ఊరి భాషలో 610 గజాలు.

మనం చందాలు వేసుకుని కట్టబోయే స్వర్ణోత్సవ బ్లాకు డ్రాయింగు చూశాను. మంచి బ్లాకు, ల్యాబులు వస్తున్నాయి, నేనూ చందా ఇచ్చాను. కాకపోతే డ్రాయింగులో ఆ చోట చెట్టు లేదు. పార్కింగు అని రాసి ఉంది. గీసినవాళ్ళకు చెట్టు మీద కోపమేమీ లేదు, వాళ్ళకిచ్చిన సర్వే కాగితంలోనే అది లేదు.

మొదలు వదిలేసి కడదామని ఒకరన్నారు. వేర్లలో ఎక్కువ భాగం పై మీటరు మన్నులోనే ఉంటుంది, నీడ అంచు దాటి పోతుంది. ఒక పక్క పునాదికి కోస్తే చెట్టు వెంటనే చావదు, కొన్నేళ్ళకు ఏ ఈదురుగాలికో ఒరుగుతుంది. అదీ పిల్లలున్న చోట. పెకిలించి వేరేచోట నాటవచ్చని ఇంకొకరన్నారు. ఇంత చెట్టును కదపాలంటే కొమ్మలన్నీ నరకాలి. నాటేది మోడునే.

ఎదుటి మాటా న్యాయంగా చెప్పాలి. నిద్రగన్నేరు కొమ్మ పెళుసు, వానాకాలంలో విరుగుతుంది. దాన్ని ఉంచుకుంటే ఏటా మే నెలలో తెలిసినవాళ్ళతో చూపించి ఎండు కొమ్మలు తీయించాలి. ఆ ఖర్చు సంఘం భరించాలి. అది ఒప్పుకోకుండా చెట్టు ఉండాలనడం పిల్లల మీద భారం వేయడమే.

వచ్చే శనివారం భవన కమిటీ కూర్చుంటోంది. ఆ డ్రాయింగు మీదే మొదలును చుక్కగా, నీడ అంచును వలయంగా స్కేలు ప్రకారం గీశాను. పార్కింగును గేటు వైపుకు, బ్లాకును ఉత్తరానికి 9 మీటర్లు జరిపితే వలయం బయటపడుతుంది. కాపీలు రిజిస్ట్రేషన్ బల్ల మీద ఉన్నాయి. భోజనాలు ఎలాగూ ఆ చెట్టు కిందే. 30 మీటర్ల టేపు, మడిచిన కాగితాలు అక్కడే పెట్టాను. లెక్కల సార్లు ముందుగా ఒకసారి కొలిచి, నా అంకెలు సరిచూడాలని కోరుతున్నాను.