మన పలుకు – మన భాషానిలయము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున విజ్ఞానదీపము నారనీయక కాపాడిన కార్యకర్తలకు నా నమస్కారములు. మన ప్రాంతమున గ్రంథాలయోద్యమమునకు పునాది వేసిన పెద్దలు తమ సంస్థల కుంచిన పేర్లను గమనింపుడు. 1901లో హైదరాబాదున వెలసినది శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము. 1904లో హనుమకొండలో వెలసినది రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయము. వారు భాషకే ఇల్లు కట్టిరి. ఆ యింట అచ్చుపుస్తకపు భాషకు మాత్రమే చోటున్నదా, మన పొలములలో, మగ్గముల కడ వినవచ్చు భాషకు గూడ చోటున్నదా? నేడు నేను మనవి చేయదలచిన విషయ మిదియే.

మనిషి పలుకును తీర్చునవి మూడు: పుట్టిన సీమ, మెలగు సంఘము, తన స్వభావము.

మొదటిది సీమ. చలికాలమున నాటి ఎండకాలమున కోయు వరిపంటను కరీంనగరు రైతు యాసంగి యనును. గోదావరి డెల్టా రైతు దాళ్వా యనును. నిజాము కాలపు రెవెన్యూ లెక్కలలో అదియే తాబి. పంట ఒకటే, పేర్లు మూడు. కోస్తావారు ‘వచ్చాడు’ అనుచోట మనము ‘వచ్చిండు’ అందుము. రెండును పాత రూపములనుండి పుట్టినవే గాని, ఒకటి చెడిపోయి మరొకటి కాలేదు. ‘నాకు ఎర్క లేదు’ అను ముసలమ్మ మాట విని మోటుమాట యని నవ్వువారు కలరు. ఆ ‘ఎఱుక’ మన ప్రాచీన కావ్యములలో గౌరవముతో నిలిచియున్న పదమే.

గోదావరి దాటి ఆదిలాబాదు సీమ చేరినచో తెలుగునకు మరాఠీ, ఉర్దూ, గోండీ, కొలామీ భాషలు తోడగును. గోండీ, కొలామీ తెలుగు యాసలు కావు. తెలుగువలెనే ద్రావిడ కుటుంబమున పుట్టిన వేరు భాషలు. కొలామీని గూర్చి ఎమెనో పండితుడు 1955లో ఒక గ్రంథమునే వెలువరించెను.

రెండవది సంఘము, అందు ముఖ్యముగా వృత్తి. పడుగు, పేక, నాడె, కండె అను మాటలు సిరిసిల్ల నేతవారి నాలుకపై నాడుచుండును. వారు మరమగ్గమును సాంచా అందురు. ఒక యింటి అన్నదమ్ములలో పెద్దవాడు రైతు, చిన్నవాడు గోదావరిఖని కార్మికుడు అనుకొందము. పెద్దవాడు ‘బాయికాడికి పోయిండు’ అన్నచో పొలమునకు నీరు పెట్టబోయెనని అర్థము. చిన్నవాడు ‘బాయికి పోయిండు’ అన్నచో బొగ్గుగనిలోనికి దిగెనని అర్థము. తల్లి ఒకతె, మాట ఒకటి, బ్రతుకులు రెండు.

మూడవది వ్యక్తి. చీకటిలో వచ్చు మనిషిని గొంతును బట్టి, ఊతపదమును బట్టి పోల్చుకొందుము గదా! అంతియే కాదు. ఒకే మనిషి బిడ్డతో ఒక రీతిగా, అధికారితో మరొక రీతిగా మాటలాడును. ఈ వేదికపై నేను గ్రంథభాష మాటలాడుచున్నాను. ఇంట ఇట్లు మాటలాడినచో మా యింటివారు నాకు జ్వరము వచ్చిన దనుకొందురు.

ఇది వట్టి వినోద విషయము కాదు. పలకమీద ‘మక్కలు’ అని వ్రాసిన పిల్లవానిని చూచి తరగతి యంతయు నవ్వినచో, వాడు మరల నోరు విప్పుటకు జంకును. దవాఖానలో ‘పానం మంచిగ లేదు’ అన్న రోగి మాటను చులకన చేసినచో, ఆతడు తన బాధను సగము దాచుకొనును. యాసను బట్టి తెలివిని కొలుచుట అన్యాయము. నిజాము రాజ్యమున ఉన్నతవిద్య ఉర్దూలో సాగినది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూయే. తెలుగు అచ్చు, పాఠ్యపుస్తకములు, పత్రికలు కోస్తా జిల్లాలలో ముందుగా పెరిగినందున అచటి పలుకు ప్రమాణమైనది. అది చరిత్ర చేసిన పని. మన నాలుక దోషము కాదు.

అట్లని అందరికి తెలియు భాష అక్కరలేదని నేననను. అర్జీకి, పరీక్షకు, దూరదేశపు ఉత్తరమునకు అది కావలెను. దానిని బిడ్డలకు అదనపు ఆస్తిగా నేర్పుదము గాని, ఇంటిమాటను తాకట్టు పెట్టించి నేర్పవద్దు. 1940వ దశకమున హైమెన్‌డార్ఫ్ కృషివలన మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చి, గోండీ వాచకములు సిద్ధము చేసినది ఇందుకే. తెలిసిన మాటనుండి తెలియని మాటకు నడిపించుటయే చదువు.

ఇక ఈ గ్రంథాలయమునకు నా ప్రార్థన ఒకటి. మోటారు వచ్చి మోట పోయినది. దానితో తొండము, బొక్కెన మొదలగు మాటలును పోవుచున్నవి. ట్రాక్టరు వచ్చి నాగలి భాగముల పేర్లు పిల్లలకు తెలియకున్నవి. కావున ఒక లావుపాటి పుస్తకము కుట్టించి ఈ బల్లమీద నుంచుడు. చందాదారులందరును వారమున కొక్క మాట అందు వ్రాయవలెను: మాట, దాని అర్థము, ఏ వృత్తివారు వాడుదురు, ఏ సందర్భమున. చదువురాని పెద్దలు చెప్పగా పిల్లలు వ్రాయవలెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూర సేకరింపించిన మాటలతోనే మాండలిక వృత్తిపదకోశము తయారైనది. 1962లో వ్యవసాయ సంపుటము, 1971లో చేనేత సంపుటము వెలువడినవి. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామమున దాచియుంచిన చేతివ్రాత ప్రతుల వలన గోండీ లిపి యొకటి లోకమునకు తెలిసి, 2018లో కంప్యూటరు లిపుల యూనికోడ్ పట్టికకు ఎక్కినది. ఒక పల్లె దాచుకొన్న కాగితములకు అంత విలువ గలదు.

మొదటి పుటలో వ్రాయదగిన మాటలు ఈ సభలో కూర్చున్న తాతలకు, అవ్వలకు తెలియును. రేపటినుండియే వారి నడుగుడు. అప్పుడు మన గ్రంథాలయము నిజముగా భాషానిలయ మగును.