అక్క చేతిలో చిన్న ఫోన్

(ఎర్రవల్లిలో జరిగిన మన సంఘ సభ్యుల, కుటుంబ పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "సెల్‌ఫోన్ వాడకం గురించి ఒక పావుగంట మాట్లాడండి, టచ్ ఫోన్ సంగతి వద్దు, బటన్ల ఫోన్ చాలు" అన్నారు. మీలో ఎక్కువమంది ఉపాధ్యాయులు, కొందరు రెవెన్యూ వారు, ఇద్దరు ముగ్గురు విద్యుత్ శాఖ వారు. టెలిఫోన్ల శాఖ నుంచి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఈ పని నాకు అప్పగించినట్టున్నారు. 1976లో చేరి 2012లో విరమించాను. స్తంభాలెక్కాను, తీగెలు లాగాను, వానల్లో తెగిన తీగెలు వెతుక్కుంటూ సైకిల్ మీద తిరిగాను. ఆ రోజుల్లో ఈ పల్లెలకు చావు కబురైనా పెళ్ళి కబురైనా మనిషి నడిచి రావాలి, లేదా టెలిగ్రాం రావాలి. ఆ టెలిగ్రాం కూడా 2013 జులైలో ఆగిపోయింది.

మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జులై 31న జరిగింది. కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. అప్పట్లో మనకు వచ్చిన కాల్‌కు కూడా మనమే డబ్బు కట్టాలి. ఆ బాధ 2003లో తప్పింది. కాని మన వయసువారిలో కొందరు ఈనాటికీ ఫోన్ మోగితే ఎత్తరు, "పైసలు పోతయి" అని రెండు మోగుల తర్వాత కోసేస్తారు. అయ్యా, మన ఊళ్ళో ఉండి ఎత్తితే పైసా పోదు, ధైర్యంగా ఎత్తండి.

ఇంత చరిత్ర చెప్పగల నేను, నా సొంత అక్కకు ఫోన్ వాడడం నేర్పలేదు. ఈ ప్రసంగానికి అసలు కారణం అదే కాబట్టి ముందుగా అది చెప్పేస్తాను.

మా అక్క ఈ ఊళ్ళోనే ఉంటుంది. బావగారు పోయాక కుటుంబ పెన్షన్ మీద బతుకుతున్నది. కొడుకు మస్కట్‌లో ఉంటాడు. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు చిన్న ఫోన్ కొనిచ్చి, "ఆకుపచ్చది నొక్కితే ఎత్తుడు, ఎర్రది నొక్కితే పెట్టుడు, గంతే అమ్మా" అని విమానం ఎక్కాడు. నేనూ చూశాను. ఎత్తడం వచ్చింది కదా, ఈ వయసులో ఇంకేం కావాలి అనుకున్నాను. ఫోన్ అంటే వాళ్ళు మనకు చేసేదే తప్ప ఆమె తనకు తానుగా చేసుకోవలసింది అని నాకు తోచలేదు.

ఏడాదిన్నర కింద, తెల్లవారుజామున నాలుగున్నరకు, స్నానాల గది గడప దగ్గర జారి పడింది. ఫోన్ బొడ్డు సంచిలోనే ఉన్నది. తీసింది. వెలుగు రాలేదు. ఒక బటన్ నొక్కితే వెలుగు వచ్చి ఏవో అక్షరాలు కనబడి మళ్ళీ ఆరిపోయింది. ఉన్న బటన్లన్నీ నొక్కింది. ఆరున్నరకు పాల పిల్లగాడు వచ్చి, ఎంత పిలిచినా పలుకు లేకపోతే లోపలికి చూసేదాకా రెండు గంటలు ఆ బండల మీదనే ఉన్నది, చేతిలో పనిచేసే ఫోన్ పెట్టుకొని. ఆ ఫోన్‌కు ఏ జబ్బూ లేదు. కీప్యాడ్‌కు తాళం పడి ఉంది, అంతే. తాళం తీయడం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నది. ఆస్పత్రిలో మూడో రోజున నన్ను చూసి ఒకే మాట అన్నది: "తమ్మీ, ఊరూరికి ఫోన్లు వెడితివి గద, నాకు ఒక్కనాడన్న చెప్పకపోతివి." కోపంగా అనలేదు. అందుకే ఇంకా మరిచిపోలేకపోతున్నాను.

ఆమె ఇంటికి వచ్చాక పన్నెండు రోజులు పక్కన కూర్చొని నేర్పాను. నేర్పేటప్పుడు నేను చేసిన తప్పులు కూడా చెబుతాను, మీకు పనికి వస్తాయి.

మొదటి తప్పు, పేర్లు ఇంగ్లీషులో ఎక్కించడం. అక్క మూడో తరగతి దాకా చదివింది, తెలుగు కూడబలుక్కొని చదువుతుంది. ఇక్కడ అమ్మే చాలా బటన్ల ఫోన్లలో తెలుగు ఉంటుంది. సెట్టింగుల్లో భాష అనే చోట మార్చుకోవాలి. అలా మార్చాక ఆమె ముఖం వెలిగింది. అయినా పడిపోయిన మనిషి చీకట్లో పేర్ల పట్టీ వెతుకుతుందా? అందుకని ఒక్క బటన్ ఏర్పాటు చేశాను. స్పీడ్ డయల్ అంటారు. 2 నొక్కి పట్టుకుంటే నాకు, 3 పట్టుకుంటే పక్కింటివారికి, 4 పట్టుకుంటే కొడుక్కు పోతుంది. మా మనుమరాలు గోళ్ళ రంగుతో 2 మీద ఎర్ర చుక్క, 3 మీద పచ్చ చుక్క పెట్టింది. కొడుకును 4లో ఎందుకు పెట్టానని అక్క అలిగింది. మస్కట్ నుంచి వాడు వచ్చి లేపలేడు కదా అక్కా, లేపేవాళ్ళు ముందు అన్నాను.

రెండో తప్పు, అసలు తాళమే లేకుండా చేద్దామని ఆటోమేటిక్ లాక్ తీసేయడం. రెండు రోజులకే రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ వచ్చింది. ఎత్తితే మాట లేదు, గురక వినబడుతున్నది! సంచిలో ఒత్తుకొని ఫోన్ తనంతట తాను కాల్ చేసింది. మర్నాడు తాళం మళ్ళీ పెట్టి, తీయడం నేర్పాను. ఆమె ఫోన్‌లో ఎడమ పైబటన్, ఆ తర్వాత నక్షత్రం గుర్తు నొక్కాలి. అక్కకు అది నక్షత్రంలాగా కనబడలేదు, పూవులాగా కనబడింది. "ఎడమది, పూవు. ఎడమది, పూవు" అని రోజుకు ఇరవైసార్లు అనిపించాను. కళ్ళు మూసుకొని కూడా తీయించాను. మీ ఫోన్‌లో వేరే పద్ధతి ఉండవచ్చు, కాని కళ్ళు మూసుకొని తీయగలిగేదాకా నేర్చుకోండి.

పూవు పక్కన, సున్నాకు కుడివైపు ఉన్న గుర్తును అక్క మంచం అంటుంది. నిజమే, నులక మంచంలాగానే ఉంటుంది. చాలా ఫోన్లలో ఆ మంచం గుర్తు కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోన్ మూగబోతుంది, మళ్ళీ పట్టుకుంటే మోగుతుంది. "మా అమ్మ ఫోన్ ఎత్తడం లేదు" అని పట్నంలో ఉన్న పిల్లలు కంగారుపడే సందర్భాల్లో సగం ఈ మంచం వల్లనే అని నా అనుమానం. "మంచం ఒత్తితే పండుకుంటది" అని అక్క దీనికి సూత్రం కట్టింది. నేను ముప్పైయారేళ్ళలో ఇంత మంచి పాఠం ఎవరికీ చెప్పలేదు.

ఇక కొనేవారికి. ఫోన్ కొనేముందు సిమ్ ఏ కంపెనీదో చూసుకోండి. జియోకు 2జీ లేదు, పాత 2జీ ఫోన్‌లో ఆ సిమ్ పనిచేయదు. 4జీ ఉన్న బటన్ల ఫోన్ కావాలి. బటన్లు ఉబ్బెత్తుగా ఉన్నవి, టార్చి ఉన్నవి తీసుకోండి. సిమ్ వేయాలంటే ముందు ఫోన్ ఆపి, వెనుక మూత తీసి, బ్యాటరీ తీయాలి. సిమ్ మూల కోసిన వైపు, బంగారు రంగు కిందికి ఉండేట్టు పెట్టాలి. గూడు మీద బొమ్మ ఉంటుంది. పెద్ద సిమ్ గూట్లో చిన్న సిమ్ పెట్టాల్సివస్తే చట్రం అడిగి తెచ్చుకోండి, ఉత్తగా దోపితే లోపల ఇరుక్కుంటుంది. తర్వాత తేదీ, సమయం సరిచేసుకోండి. లేకపోతే ఎవరు ఎప్పుడు చేశారో ఫోన్ తప్పు చెబుతుంది. దిండు కింద పెట్టి ఛార్జింగ్ వద్దు. మాట సన్నగా వినబడితే మాట్లాడుతుండగానే పైకి ఉన్న బాణం బటన్ నొక్కండి. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకొని "వినబడ్తలేదు" అన్న పెద్దమనుషులు కూడా ఉన్నారు, ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పను.

సిమ్‌కు పిన్ పెట్టే ముచ్చట వద్దు అని నా సలహా. నా మిత్రుడొకాయన ఫోన్‌కు మనుమడు సరదాగా పిన్ పెట్టి పట్నం పోయాడు. మూడుసార్లు తప్పు కొడితే పుక్ అనే మరో సంఖ్య అడుగుతుంది. అది కంపెనీ వారి దగ్గర తెలుసుకోవాలి. ఈయన తోచిన సంఖ్యలన్నీ కొట్టాడు. పదిసార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా పోతుంది. పోయింది.

సిమ్ పోతే ఏమిటి, ఇంకోటి తెచ్చుకుంటాం అనుకోకండి. మన బ్యాంకు ఖాతా, ఆధార్, పెన్షన్ అన్నీ ఆ పది అంకెలకే కట్టి ఉన్నాయి. కేంద్ర పెన్షనర్లకు 2014 నవంబరు నుంచి జీవన్ ప్రమాణ్ వచ్చింది. దాని సందేశమూ ఆ నంబరుకే వస్తుంది. ప్రీపెయిడ్ నంబరును వరుసగా 90 రోజులు ఏ విధంగానూ వాడకపోతే కంపెనీ దాన్ని రద్దు చేయవచ్చు. తర్వాత అదే నంబరు ఇంకొకరికి ఇస్తారు. అప్పుడు మీ బ్యాంకు ఓటీపీ ఎవరి చేతికో పోతుంది. నంబరు మారితే బ్యాంకుకు వెళ్ళి మార్పించుకునేదాకా నిద్రపోవద్దు.

రీఛార్జి ఖరీదు గురించి అందరికీ కోపమే. బటన్ల ఫోన్ వాడేవారం ఇంటర్నెట్‌కు ఎందుకు డబ్బు కట్టాలి? ఈ ప్రశ్న ట్రాయ్ దాకా పోయింది. 2024 డిసెంబరులో ట్రాయ్ వారు మాటలకు, సందేశాలకు మాత్రమే ఉండే ప్యాకులు తప్పక పెట్టాలని, వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చని నిబంధన చేశారు. 2025 జనవరి నుంచి కంపెనీలు అవి పెట్టాయి. దుకాణంలో పిల్లవాడు తనంతట తాను చెప్పడు. "ఇంటర్నెట్ లేనిది, మాటలకు మాత్రమే ఉన్నది" అని మీరే అడగండి. ఏ తేదీకి అయిపోతుందో క్యాలెండర్ మీద గుండ్రం చుట్టండి.

ఆపదలో నొక్కవలసింది 112. కీప్యాడ్ తాళం పడి ఉన్నా చాలా ఫోన్లలో 112 కొట్టవచ్చు. ఈ సంగతి ఆనాడు మా అక్కకు తెలిసి ఉంటే! 2017 నుంచి అమ్మే బటన్ల ఫోన్లలో 5 గాని 9 గాని నొక్కి పట్టుకుంటే ఆపద కాల్ పోయే ఏర్పాటు ఉండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. మీ ఫోన్‌తో వచ్చిన కాగితంలో ఏ అంకెనో చూసుకోండి. ఊరికే పరీక్షకు నొక్కకండి, అవతల నిజంగానే ఎత్తుతారు. అంబులెన్సుకు 108 ఉండనే ఉన్నది, 2005 ఆగస్టు నుంచి మనకు తెలిసిన నంబరే.

మోసాల సంగతి. "పెన్షన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ ఫోన్‌కు వచ్చిన అంకెలు చెప్పండి" అంటే పెట్టేయండి. నక్షత్రం, 401, మళ్ళీ నక్షత్రం, ఆపై ఒక నంబరు కొట్టమంటే కొట్టకండి, మీకు వచ్చే కాల్స్ అన్నీ వాడికి మళ్ళిపోతాయి. ఫోన్‌లో అరెస్టు చేయడం అనేది ఏ చట్టంలోనూ లేదు. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి చెప్పండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలు. మనవాళ్ళు పరువు పోతుందని నెల రోజులు ఇంట్లో కూడా చెప్పరు, అక్కడే వస్తున్నది చిక్కంతా.

ఇంకొక్కటి. ఇప్పుడే మీ ఫోన్‌లో నక్షత్రం, మంచం, సున్నా, ఆరు, మంచం నొక్కండి. *#06#. పదిహేను అంకెలు వస్తాయి. పెన్షన్ పుస్తకం వెనుక రాసి పెట్టుకోండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదుతో పాటు 2023లో వచ్చిన సంచార్ సాథీలో ఈ అంకెలు ఇచ్చి ఫోన్‌ను ఎవరూ వాడకుండా ఆపించవచ్చు. ఆ పని ఇంట్లో పిల్లలకు అప్పగించండి.

ఈ ఊరు మెదక్ జిల్లా జగదేవ్‌పూర్ మండలంలో ఉన్న రోజులు నాకు బాగా తెలుసు. 2016లో సిద్దిపేట జిల్లా, మర్కూక్ మండలం అయింది. అదే ఏడాది డిసెంబరులో డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు సామూహికంగా గృహప్రవేశాలు జరిగాయి. పెంకుటింటికీ స్లాబు ఇంటికీ సిగ్నల్‌లో తేడా ఉంటుంది. లోపలి గదిలో మాట తెగిపోతుంటే ఫోన్‌ను తిట్టకుండా కిటికీ దగ్గరికి రండి. రాత్రి ఫోన్ ఎక్కడ పెడితే సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయో చూసి, పడకను ఆ పక్కకు జరుపుకోండి. మా అక్క జరుపుకున్నది. స్నానానికి పోయేటప్పుడు ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి గడప పక్కన నేల మీద పెడుతుంది. గూట్లో పెడితే పడిన మనిషికి అందదు. ఇది నేను చెప్పింది కాదు, ఆమె ఆలోచనే.

భోజనాల తర్వాత నేను వరండాలో బల్ల వేసుకొని కూర్చుంటాను. ఫోన్, ఛార్జరు, నంబర్లు రాసుకున్న డైరీ తీసుకొని రండి. స్పీడ్ డయల్ నేను పెట్టి ఇస్తాను. తాళం తీయడం మాత్రం మీతోనే తీయిస్తాను, పదిసార్లు. అక్క కూడా పక్కన కూర్చుంటానన్నది, గోళ్ళ రంగు సీసా ఆమె దగ్గరే ఉన్నది. ఫోన్ ఇంట్లో మరిచిపోయి వచ్చినవారు వడ్డన మొదలయ్యేలోపు వెళ్ళి తెచ్చుకోండి.