గాలం వేసేవారి ధర్మం

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉగాది పచ్చడిలో ఆరు రుచులు ఉన్నవి గాని చేపల పులుసు వాటిలో లేదు. పండుగనాడు ఈ చేపల గొడవ ఏమిటని శాకాహారులైన పెద్దలు అనుకోవచ్చు. వారు మమ్మల్ని మన్నించాలి. మేము మాట్లాడబోయేది చేపను వండటం గురించి కాదు, తినటం గురించీ కాదు. తనకు తెలిసిన మంచి సంగతిని మనిషి పదిమందికి చెప్పాలా, తనలోనే దాచుకోవాలా అన్న ధర్మసందేహం గురించి. మేము రైల్వేలో గుమాస్తా ఉద్యోగం చేసుకొనేవాళ్ళం, మెట్రిక్కుతో చదువు చాలించినవాళ్ళం. పెద్ద శాస్త్రాలు తెలియవు. సెలవునాడు చెరువుగట్టున గాలం పట్టుకొని కూర్చోవటం మాత్రం చిన్ననాటి నుండి అలవాటు. ఆ గట్టు మీద విన్నవీ, కొద్దిగా చదివినవీ కలిపి మనవి చేసుకుంటాము.

కోయంబత్తూరులోను, మదురలోను మన పాత తెలుగు పేటల్లో గాలం సరదా ఉన్న ఇళ్ళు ఇప్పటికీ ఉన్నవి. వారిలో రెండు పక్షాలను మేమెరుగుదుము. "ఏమి ఎర వేస్తిరి మామా?" అని పక్కింటి కుర్రవాడు అడిగితే, "ఏదో ఉన్నది వేస్తిని, పోరా అబ్బీ" అని సంచి మూతి బిగించేవారు ఒక పక్షం. పదేండ్లు ఎండలో కూర్చొని కనుగొన్న చోటును ఒక్క మాటతో ధారపోయమంటే ఎట్లా అని వారి వాదం. "నీరు ఊరిది, చేప గంగమ్మది, మన సొమ్మేమి పోయింది? రా నాయనా, కూర్చో" అని పక్కన జాగా ఇచ్చేవారు రెండో పక్షం. ఇద్దరూ మంచివారే, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. ఎరను, చోటును ఒకే గాట కట్టి వాదించటం వల్లనే చిక్కు వచ్చింది. ఎర విద్య వంటిది, చోటు ఆస్తి వంటిది. విద్య ఎందరికి ఇచ్చినా తరగదు. ఆస్తి పంచినకొద్దీ తరుగుతుంది. ఈ భేదం గుర్తుంచుకుంటే తగవు సగం తీరుతుందని మా అభిప్రాయం.

ముందు ఎర సంగతి చూద్దాము. బొచ్చె నీటి పైభాగంలో మేస్తుంది, రోహు నడుమ మేస్తుంది, ఎర్రమోసు అడుగున మేస్తుంది. ఈ మూడు మాటలు తెలిసినవాడు బెండును ఎంత ఎత్తున కట్టాలో తానే ఊహించుకోగలడు. తవుడు, వేరుసెనగ చెక్క పొడి, కొంచెం గోధుమపిండి కలిపి ముద్ద చేసి, అందులో కొంత ముందుగా నీటిలో చల్లి చేపలను అక్కడికి మరపాలి. మిగిలినది గాలానికి గుచ్చాలి. కావేరి మడుగుల్లో రాగిముద్దతో పెద్ద పెద్ద చేపలను పట్టేవారు. తమిళులు విరాల్ అనే మన కొర్రమీను మాత్రం ముద్ద వైపు చూడదు. కదిలేదాని మీదనే దూకుతుంది. పూర్వం దానికి చిన్న కప్పను కట్టేవారు, ఇప్పుడు రబ్బరు కప్పలు అంగళ్ళలోనే అమ్ముతున్నారు. ఇంతసేపూ మేము ఇది చెప్పినందువల్ల మా సంచిలో ఏమి తగ్గింది? ఏమీ తగ్గలేదు. వినే కుర్రవానికి మాత్రం రెండేండ్ల ఎండ తప్పింది.

ఎర సంగతి దాచవద్దని మనకు చూపించినవారు సామాన్యులు కారు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసమనే సంస్కృత గ్రంథం కూర్చాడు. మన తెలంగాణ నేల చాలావరకు ఆ వంశపు ఏలుబడిలో ఉండినదే. ఆ గ్రంథంలో మత్స్యవినోదమనే భాగంలో చేపల జాతులు, వాటికి వేయవలసిన మేత, గాలపు త్రాడు, కర్ర అన్నీ వివరించాడు. చక్రవర్తి చెప్పకపోతే అడిగేవాడెవడు? అయినా వ్రాసిపెట్టాడు. 1951లో సుందర్‌లాల్ హోరా అనే మత్స్యశాస్త్రవేత్త ఆ భాగాన్ని విడమరచి వ్యాసం వ్రాయగా ఈ కాలం వారికీ తెలిసింది. మదరాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ అనే దొర 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం వేసి, మన దక్షిణాది నీళ్ళలో గాలం వేసే కిటుకులన్నీ బయటపెట్టాడు. అది చాలదని 1887లో చెరువుల్లో గాలం వేయటం గురించే మరొక పుస్తకం వ్రాశాడు.

వీటన్నిటికంటె గొప్ప సంగతి 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో జరిగింది. హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, చేప తలలోని పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, పెంపుడు చేపల చేత గ్రుడ్లు పెట్టించగలిగాడు. అంతకుముందు బొచ్చె, రోహు పిల్లలు కావాలంటే వరదకాలంలో నదుల్లో ఏరుకోవటమే ప్రధానమైన దారి. ఆ కిటుకును దాచుకొని ఉంటే కొందరు ధనవంతులు అయ్యేవారేమో. దాచుకోలేదు గనుక ఊరూరా చేపపిల్లల కేంద్రాలు వెలిసినవి, మన కొల్లేటి చుట్టుపట్ల చెరువులు చేపలతో నిండినవి. విద్యను పంచినందువల్ల చేప తరగకపోగా పెరిగింది. కాబట్టి ఎర సంగతి దాచే పెద్దలకు మా మనవి ఒక్కటే. దయచేసి సంచి మూతి విప్పండి.

ఇక చోటు సంగతి. ఇది అంత సులభం కాదు.

నొయ్యల్ నది పడమటి కొండల్లో పుట్టి, కోయంబత్తూరు మీదుగా పారి కావేరిలో కలుస్తుంది. ఆ నదికి అడ్డుకట్టలు కట్టి, కాలువలు తీసి, ఒక చెరువు నిండితే మిగులు నీరు మరొక చెరువుకు పోయేట్లు పూర్వులు అమర్చారు. కృష్ణంపతి, సెల్వచింతామణి, ఉక్కడం పెద్దకుళం, వాలంకుళం, కురిచ్చి, సింగానల్లూరు చెరువులు ఆ వరుసలోనివే. మదుర వైపు చెరువును కణ్మాయి అంటారు. ఇట్టి నీళ్ళలో మంచి చోటు అంటే చెరువు యావత్తూ కాదు. కాలువ నీరు వచ్చిపడే ఒక మూల, తూము దగ్గరి లోతు, తుంగ పెరిగిన అంచు, రాతికట్ట సందు, ఇంతే. నాలుగు గాలాలు పడితే నిండిపోయే జాగా. దాని సంగతి నలుగురికి చెబితే నలుగురూ సంతోషిస్తారు. నాలుగువందల మందికి చెబితే ఎవరికీ మిగలదు.

మేమెరిగిన ఒక చెరువు ఉన్నది. దాని పేరు అక్కరలేదు. ఒక పెద్దాయన అక్కడ కొర్రమీనులున్న అంచును మంచి మనసుతో ఐదుగురికి చూపించినాడు. ఆ ఐదుగురిలో ఒకరు పట్టిన చేపతో ఫోటో తీసుకొని, చెరువు పేరుతో సహా సెల్‌ఫోనులో పంపినారు. పూర్వం ఒక వార్త గట్టు దాటటానికి ఒక సంవత్సరం పట్టేది, ఇప్పుడు ఒక గంట చాలు. మరుసటి ఆదివారం గాలాలవారు వచ్చినారు. ఆ తర్వాత సన్నకన్ను వలలవారు వచ్చినారు. ఒక రాత్రి ఎవరో తూటా పేల్చినారు. తెల్లవారేసరికి వేలెడంత పిల్లలతో సహా అన్నీ తేలినవి. తూటాతో గాని, విషంతో గాని చేపలను చంపరాదని 1897 నాటి చట్టమే చెబుతున్నది. అయితే చట్టం రాత్రిపూట గట్టు మీద కాపలా ఉండదు గదా! ఆ చెరువులో చేపల హక్కు వేలంలో పాడుకున్న గుత్తదారు కాపలా పెట్టి, గాలం పట్టుకున్న ప్రతివానినీ తరిమినాడు. వెదురుకర్రకు దారం కట్టుకొని వచ్చే పేట పిల్లలు కూడా ఆ గట్టు ఎక్కలేకపోయినారు. చేప పోయినందుకు మాకు అంత విచారం లేదు, వానపడితే మళ్ళీ వస్తుంది. పిల్లల గట్టు పోయినందుకు మాత్రం ఇప్పటికీ మనసు కష్టపడుతుంది.

అట్లయితే చోటును ఎవరికీ చెప్పరాదా? ఆ మాటా అనలేము. మదుర ప్రాంతంలోనే దీనికి మంచి జవాబు ఉన్నది. మేలూరు, నత్తం, సింగంపుణరి చుట్టుపట్ల గ్రామాల్లో మీన్‌పిడి తిరువిళా, అనగా చేపలు పట్టే పండుగ, మీలో చాలామంది చూసే ఉంటారు. పంటకోతలు అయి, ఎండలు ముదిరి, కణ్మాయిలో నీరు తగ్గిన తర్వాత ఒక దినం నిర్ణయించి చుట్టుపక్కల ఊళ్ళకు కబురు చేస్తారు. తెల్లవారుజామునుండే వేలమంది గట్టు మీద చేరుతారు. ఊరి పెద్ద తెల్లగుడ్డ ఊపేవరకు ఎవరూ నీటిలో కాలు పెట్టరు. గుడ్డ ఊపగానే ఆడా మగా, పిల్లా పెద్దా ఒక్కసారిగా దిగుతారు. చేతి వలలతోను, అడుగులేని వెదురుబుట్టలతోను విరాల్, కట్లా, కెండై, జిలేబి ఏది దొరికితే అది పట్టుకుంటారు. కులమేది, ఊరేది అని అడిగేవారుండరు. ఎవరు పట్టినది వారిది. సాయంత్రం ఆ ఊళ్ళల్లో ఇంటింటా పులుసు వాసనే. ఇట్లా పదిమంది కలిసి పట్టుకుంటే మరుసటి ఏడు వానలు బాగా కురుస్తాయని వారి నమ్మకం.

వేలమందికి చోటు చెప్పినా అక్కడ చెరువు ఎందుకు చెడలేదో ఆలోచించండి. మొదటిది, పండుగ దినం వరకు అందరూ చేయి కట్టుకొని ఉంటారు. రెండవది, దొంగచాటు లేదు, అందరికీ ఒకేసారి తెలుస్తుంది. మూడవది, అది ఎండబోయే నీరు. వదిలినా ఆ చేపలో చాలాభాగం ఎండకు చచ్చేదే. నాలుగవది, తూటా లేదు, విషం లేదు, చేతి పనిముట్లే. ముందు కట్టుబాటును పంచుకొని, దాని వెనుక చోటును పంచుకున్నారు. మేము చెప్పిన చెరువులో చోటు మాత్రమే పంచినారు, కట్టుబాటు పంచలేదు. తేడా అక్కడ వచ్చింది.

సొంత తమ్మునికైనా చెప్పకూడని చోట్లు కూడా కొన్ని ఉన్నవి. కొర్రమీను పిల్లలు పుట్టినప్పుడు ఎర్రగా గుంపుగా నీటిపైన తిరుగుతుంటాయి. తల్లిదండ్రులు అడుగున ఉండి కాపలా కాస్తాయి. ఆ గుంపు మీద ఎర ఆడిస్తే కాపలా చేప కోపంతో దూకి సులభంగా చిక్కుతుంది. అట్లా పట్టటం వీరత్వమని అనుకునేవారు ఉన్నారు. ఒక్క చేప చిక్కితే వందల పిల్లలు దిక్కులేనివవుతాయి. అట్టి గుంపు కనిపిస్తే గాలం చుట్టుకొని పక్కకు పోవటం, నోరు మూసుకోవటం ధర్మం. అట్లాగే కావేరి, దాని ఉపనదుల్లో మాత్రమే పుట్టే మూపు గల మహాసీర్ చేపను, అంతరించే అపాయం మిక్కిలిగా ఉన్నదని 2018లో అంతర్జాతీయ పట్టికలో చేర్చారు. అది ఏ మడుగులో మిగిలి ఉన్నదో తెలిసినవారు ఈ సభలో ఉన్నా, దయచేసి మాకు కూడా చెప్పవద్దు.

అందరికీ ముందుగా, గట్టిగా చెప్పవలసిన చోట్లూ ఉన్నవి. నగరంలోని కొన్ని చెరువుల్లో మురుగునీరు కలుస్తున్న సంగతి మీకు తెలిసినదే. నీరు చెడి చేపలు తేలిన చోటు కనిపిస్తే దాచకూడదు. పేటలో ఇంటింటికీ చెప్పాలి. మంచి చోటు దాచినవానిని పిసినారి అంటారు. చెడ్డ చోటు దాచినవానిని ఏమనాలో మీరే నిర్ణయించండి.

కాబట్టి మాకు తోచిన పద్ధతి ఇది. ఎర అడిగిన ప్రతివానికీ చెప్పండి. చోటు అడిగితే నోటితో చెప్పక, వెంటబెట్టుకొని పోయి చూపించండి. రెండు ఆదివారాలు పక్కన కూర్చోబెట్టుకుంటే అతని స్వభావం తెలుస్తుంది, మన కట్టుబాటు అతనికి తెలుస్తుంది. ఫోటో పంపాలని సరదా ఉంటే చేపనే చూపండి, గట్టును చూపకండి. చిన్నపిల్లవాడు వస్తే అన్నిటికంటె మంచి చోటు వానికి వదలి మీరు పక్కకు జరగండి. వేలెడంత చేపను వానిచేతనే తిరిగి నీటిలో వదిలించండి.

ఇది చేపల మాటే కాదు. మన పేటలు ఈ అరవదేశంలో ఎట్లా నిలిచినవి? నాయక రాజుల కాలం నుండి వచ్చినవారు వచ్చినట్లే, వెనుక వచ్చినవారికి ఎక్కడ నల్లరేగడి ఉన్నది, ఎక్కడ బావి త్రవ్వితే నీరు పడుతుంది, ఎక్కడ మగ్గానికి పని దొరుకుతుంది అని చెబుతూ వచ్చినారు. చెప్పటమే కాదు, చేయి పట్టుకొని చూపించి, ఊరి కట్టుబాటు కూడా నేర్పినారు. కోయంబత్తూరులో మన జి.డి. నాయుడుగారు తనకు తెలిసిన యంత్రవిద్యను తన ఇంటికే పరిమితం చేయక, 1945లో ఇక్కడ సాంకేతిక విద్యాలయం నెలకొనటానికి పూనుకున్నారు. నేడు కూడా మన ఊళ్ళ నుండి బతుకుతెరువుకు కుర్రవాళ్ళు రైలు దిగుతూనే ఉన్నారు. వారికి పని కిటుకు ధారాళంగా చెప్పండి. పని చోటుకు వెంటబెట్టుకొని పోయి, "వీడు మావాడు, నమ్మకస్థుడు" అనిపించుకునేట్లు తయారుచేసి అప్పగించండి.

ఈ నూతన సంవత్సరంలో మన చెరువులు నిండాలని, గట్ల మీద పెద్దల పక్కన పిల్లలకు జాగా దొరకాలని, సంచుల మూతులు విప్పుకోవాలని కోరుకుంటున్నాము.