ఆటకు వచ్చిన అమ్మ



కొరియా వారి ‘స్క్విడ్ గేమ్’ రెండో భాగం 2024 డిసెంబరు 26న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. మొత్తం ఏడు ఎపిసోడ్లు. “ఆ రక్తపాతం మనకెందుకండీ?” అని ముక్కు విరిచేవారు ఉన్నారు. రక్తపాతం ఉన్నమాట నిజమే. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడదగ్గది కానే కాదు. (పిల్లలు మనకంటే ముందే చూసేసి ఉంటారనుకోండి, అది వేరే సంగతి!) కాని ఇందులో ఒక తల్లి ఉంది. ఆమె గురించి మనం మాట్లాడుకోవాలి.

ముందు కథ రెండు మాటల్లో చెబుతాను. అప్పుల్లో మునిగిన 456 మందిని ఒక దీవికి చేర్చి, చిన్ననాటి ఆటలు ఆడిస్తారు. ఓడినవారి ప్రాణం తీస్తారు. ఒక్కొక్క ప్రాణానికి 10 కోట్ల వోన్లు చొప్పున పైన వేలాడే గాజు హుండీలో పడుతుంటాయి. 2021లో వచ్చిన మొదటి భాగంలో గెలిచిన గిహున్ అనే అతను, ఈ ఘోరాన్ని ఆపించాలని మళ్ళీ అక్కడికే వెళతాడు.

ఈసారి ప్రతి ఆట తరువాత ఓటింగు పెట్టారు. ఎక్కువమంది వద్దంటే, పోగైన సొమ్ము బతికినవాళ్ళు సమంగా పంచుకుని ఇళ్ళకు పోవచ్చు. మొదటి ఆటలోనే 91 మంది పోయారు. తలా ఒక్కరికి రెండున్నర కోట్ల వోన్లకు కాస్త తక్కువ వస్తుంది, అంటే విడుదలైన నాటి మన లెక్కలో సుమారు పధ్నాలుగు లక్షలు. ఆ డబ్బు అప్పులకు ఏ మూలకీ చాలదు. “ఇంకొక్క ఆట” అన్నవారు 183 మంది, చాలన్నవారు 182 మంది. ఆ చివరి ఓటు వేసింది, ఆట నడిపించే పెద్దమనిషే మారువేషంలో! తుపాకులకంటే నాకు భయం వేసింది ఈ ఓట్ల లెక్క దగ్గరే. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు చూడండి.

ఇక ఆ తల్లి. పేరు గుమ్‌జా, నంబరు 149. కొడుకు యోంగ్‌సిక్ జూదంలో అప్పులు చేశాడు. అవి తీర్చడానికి ఈ వయసులో ఆవిడ బయల్దేరింది. తీరా అక్కడ చూస్తే కొడుకూ ఉన్నాడు! ఒకరు వచ్చిన సంగతి మరొకరికి తెలియదు. ఆవిడ ఆట ఆపమని ఓటేస్తే, అదే అమ్మ కళ్ళ ముందు కొడుకు సాగాలని ఓటేశాడు. మన ఇళ్ళల్లో గాజులు తాకట్టు పెట్టి కొడుకు బాకీలు తీర్చిన తల్లులు లేరా? ఒకసారి తీరిస్తే బుద్ధి వస్తుందనుకుంటాం. మరో బాకీ వస్తుంది. గుమ్‌జా దగ్గర గాజులు అయిపోయాక ప్రాణం మిగిలింది, అంతే తేడా. కాంగ్ ఏషిమ్ అనే నటి ఆ పాత్రను ఏడుపులూ పెడబొబ్బలూ లేకుండా చేసింది. తన బాధలో తానుండి కూడా, గర్భవతిగా ఉన్న ఓ అమ్మాయికి అండగా నిలుస్తుంది.

మన అచ్చనగాయల ఆట ఇందులో కనిపిస్తుంది తెలుసా? వాళ్ళు ‘గోంగి’ అంటారు, ఐదు రాళ్ళతో ఆడతారు. దెహో అనే మగపిల్లవాడు అక్కల మధ్య పెరిగినవాడు కావడంచేత చకచకా ఆడేసి తన జట్టును గట్టెక్కిస్తాడు. అది చూసి నేను చప్పట్లు కొట్టాను.

దీవిని వెతుకుతూ పడవలో తిరిగే పోలీసు కథ మాత్రం సాగదీశారు. అప్పుడు లేచి పాలు తోడు పెట్టుకు రావచ్చు.

కథ తిరుగుబాటు దగ్గర అర్ధాంతరంగా ఆగిపోతుంది. తల్లీకొడుకుల లెక్క తేలేది 2025 జూన్ 27న వచ్చిన మూడో భాగంలో. ఎలా తేలిందో నేను చెప్పను. కొడుకులున్న అమ్మలు గుండె చిక్కబట్టుకుని చూడండి. సెలవు.