తాత కిరీటము, తండ్రి అపవాదు

మా కమ్మర్‌పల్లి ప్రాంతమున సంబంధము చూడబోవు పెద్దలు పిల్లవాని చదువుకంటె ముందుగా ‘వీరి యింటి సంగతి యేమి?’ అని విచారింతురు. ఆ యింట తండ్రి జూదరియో, పినతండ్రి అప్పులపాలైనవాడో అయినచో పిల్లవాడు నోరు విప్పకమునుపే సగము తీర్పు ముగియును. తండ్రి అప్పునకు కొడుకెంతవరకు బాధ్యుడో న్యాయస్థానము తేల్చును. తండ్రి తెచ్చిన అపవాదునకు మాత్రము విచారణ లేదు.

సామాన్యుల యింటనే యిట్లుండగా, దివాణముల సంగతి చెప్పనేల? అందులకు దూరము పోనక్కరలేదు. మన జిల్లా పేరులోనే యొక రాజవంశము కలదు. ఇందూరు నిజామాబాదైనది. బోధనులో 1937లో నెలకొనిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో పని నిలిచిపోవువరకు ఆ పేరునే మోసినది. ఆ పాలన మంచిచెడ్డలు వేరుగా చర్చింపదగినవి. నేడు మేము చెప్పబూనినది ఆ యింటి పిల్లల కథ.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ప్రపంచములోకెల్ల ధనవంతుడని 1937లో అమెరికాలోని ‘టైమ్’ పత్రిక ముఖచిత్రము వేసి చాటెను. అంతటి ధనికుని పిసినారితనమును గూర్చి కథలు దేశమంతట వ్యాపించెను. పెద్దకుమారుడు, బీరారు యువరాజు ఆజం జా, అందులకు తలక్రిందులు. ఆయన విలాసములు, జూదము, అప్పులు నగరమున అందరి నోళ్లలో నానెను. ఆయనకును, తురుష్క చివరి ఖలీఫా కుమార్తె దుర్రుషెహ్వారుకును 1933లో జన్మించినవాడు ముకర్రం జా. ఆ బాలుడు డెహరాడూనులోని డూన్ పాఠశాలయందును, ఇంగ్లాండులోని హారో, కేంబ్రిడ్జిలయందును చదివెను.

1954లో ఉస్మాన్ అలీఖాను కుమారుని దాటి మనుమని వారసునిగా ఎంచెను. 1967 ఫిబ్రవరి 24న తాత గతించెను. ఏప్రిల్‌లో చౌమహల్లా ప్రాసాదమున మనుమనికి పట్టము కట్టిరి. ఆజం జా అప్పటికి జీవించియే యుండెను. ఆయన మరణించినది 1970లో.

దీనిని మనుమనికి దక్కిన అదృష్టమని లోకమనుకొనును. ఆ యువకుని స్థానమున నిలిచి చూచిన వేరొకటి తోచును. ఆయనకు చేయు ప్రతి సలాము తండ్రి అయోగ్యతను జ్ఞప్తికి తెచ్చునదే. తాతవలె కూడబెట్టిన పిసినారియనబడును. చేయి విప్పిన తండ్రికి తగిన కొడుకనబడును. స్వంత నడవడికి చోటెక్కడ?

ముకర్రం జా తప్పులు చేయలేదని మేమనము. ఐదు వివాహములు చేసికొనెను, ఆస్తిని కాపాడుకొనలేకపోయెను. కాని వేలకొలది పరివారము, బంధువుల దావాలు ఆయనకు కిరీటముతోబాటే సంక్రమించెను. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణములు రద్దయ్యెను. ఆయన పడమటి ఆస్ట్రేలియాలో గొఱ్ఱెల క్షేత్రమునకు తరలిపోయెను. కడపటి దినములు టర్కీలో గడపెను. ఈ కారణములన్నింటిని ప్రక్కకు నెట్టి ‘తండ్రి రక్తము!’ అని యొక్కమాటతో తేల్చుట ఎంత సులభము!

ఇంగ్లాండున 1936లో ఎనిమిదవ ఎడ్వర్డు ప్రేమకై సింహాసనము విడిచినపుడు ఆయన తమ్ముని కుమార్తె ఎలిజబెత్తు పదేండ్ల బాలిక. పెదతండ్రి వదలిన కిరీటము తండ్రిమీదుగా ఆమెకు చేరెను. 2022 వరకు డెబ్బదియేండ్లు ఆమె దానిని మోసెను. అయితే ఆమె వెనుక రాజ్యవ్యవస్థ యంతయు నిలిచియుండెను. ముకర్రం జా వెనుక రాజ్యమే లేదు.

మరి మచ్చ మాయు మార్గమేది? అదియు ఆ యింటనే కలదు. ఆజం జా తమ్ముడు మొయజ్జం జాను పెండ్లాడిన నీలోఫరుకు సంతానము లేదు. 1952లో ఆ వివాహము విచ్ఛిన్నమయ్యెను. లోకమునకు చెప్పుకొనుటకు కావలసినంత కథ! కాని అంతకుముందే, 1949లో, తన పరిచారిక ప్రసవమున మరణింపగా చలించి, స్త్రీలకు శిశువులకు వైద్యశాల కావలెనని ఆమె పూనుకొనెను. 1953లో వెలసిన ఆ నీలోఫర్ ఆసుపత్రికి మన జిల్లా తల్లులును బిడ్డలనెత్తుకొని పోవుదురు. ఆ ద్వారమున నిలుచున్న తల్లి ఆమె విడాకులను గూర్చి అడుగునా?

2023 జనవరిలో ముకర్రం జా ఇస్తాంబులులో మరణించెను. ఆయన కోరినట్లు దేహమును హైదరాబాదునకు తెచ్చి, చౌమహల్లాలో ప్రజల దర్శనార్థముంచి, మక్కా మసీదు ప్రాంగణమున పూర్వుల చెంత ఖననము చేసిరి. చూడవచ్చినవారిలో నిజాము రాజ్యము నెరుగనివారే మెండు.

మా వైపు రైతు విత్తనమునకు పసుపుకొమ్ములేరునపుడు కుప్పనంతటిని పారవేయడు. ఒక్కొక్క కొమ్మును చేతబట్టి చూచి, కుళ్లినదానిని తీసివేసి, గట్టిదానిని నాటును. పిల్లలను గూర్చి తీర్పు చెప్పునపుడును మనకు ఆ మాత్రపు ఓపిక యుండవలెను. ఈమారు సంబంధము చూడబోయినపుడు యింటి సంగతి అడిగినను, పిల్లవానిని కూడ రెండు మాటలడిగి, వాని జవాబు వినుడు.