కీళ్ళనొప్పియు దీర్ఘశ్రమ క్రీడలును



కీళ్ళనొప్పి యని యెవరైన మూల్గినచో పల్లెలయందు రెండు విధములైన సలహాలు వినవచ్చును. కాలు కదపక మంచముపై నుండుమని కొందరందురు. నొప్పిని లెక్కచేయక పాటుపడిన నదియే పోవునని మరికొందరందురు. మొదటి సలహా విన్నవాడు కొంతకాలమునకు గడప దాటలేనివాడగును. రెండవది విన్నవాడు ఉన్న కీలును పాడుచేసికొనును. ఈ రెంటి నడుమ నొక త్రోవ కలదు. ఆ త్రోవను బట్టి ప్రపంచ క్రీడాకారులలో అగ్రస్థానమందిన యొక వనిత చరిత్ర మెరుగదగినది.

ఆమె పేరు క్రిస్టిన్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1973 లో జన్మించిన అమెరికా దేశస్థురాలు. ఈదుట, సైకిలు త్రొక్కుట, పరుగెత్తుట, ఈ మూడింటిని ఒకదాని వెంట నొకటి చేయవలసిన ట్రయాథ్లాన్ అను పోటీలలో ఆమె పాల్గొనుచుండెడిది. 2001 లో, ముప్పదియేండ్లైన నిండకమునుపే, ఆమె రెండు తుంటికీళ్ళయందును సంధివాతమున్నట్లు తేలెను. ముసలితనపు వ్యాధియని లోకము తలచు అరుగుదల యదియే. వైద్యులు పరుగు మానుమనిరి. ఆమె పరుగు మానెను. సైకిలును మాత్రము విడువలేదు.

పరుగునకు, సైకిలునకు భేదమేమి? ఎముకల కొనలను నున్నని మృదులాస్థి కప్పియుండును. దానిలో రక్తనాళములు లేవు. కీలు కదలినపుడు అందలి జిగురు ద్రవము, బండి యిరుసున కందెనవలె రాపిడిని తగ్గించుటయే కాక, మృదులాస్థిలోనికి ఇంకుచు వెలికి వచ్చుచు దానికి ఆహారము నందించును. కావున కదలని కీలు పస్తున్న కీలని యెరుగవలెను. అయితే పరుగునందు అడుగడుగునను శరీరపు బరువునకు కొన్ని రెట్ల భారము కీలుపై పడును. సైకిలుపై నున్నపుడు ఆ బరువులో చాలభాగము సీటు మోయును. కాలు గుండ్రముగ తిరుగును గాని నేలదెబ్బ తినదు. తొడకండరములు గట్టిపడును, పందిరికి గుంజలవలె అవి కీళ్ళకు ఆధారము.

2004 లో ఏథెన్సు ఒలింపిక్సు రోడ్డు పందెమున ఆమెకు ఎనిమిదవ స్థానము వచ్చెను. 2008 లో బీజింగు నగరమున కాలముతో పోటీపడు పందెములో స్వర్ణపతకము లభించెను. ఈ పందెమున గుంపు లేదు. ఒక్కొక్కరే బయలుదేరి గడియారముతో పోరాడవలెను. 2010 లో ఆమె కొక కుమారుడు కలిగెను. 2012 మే మాసమున సైకిలుపై నుండి పడి జత్రుక (కాలరు) యెముక విరిగినను, ఆగస్టు 1 న లండనులో మరల స్వర్ణము గెలిచెను. 2016 ఆగస్టు 10 న, నలుబదిమూడేండ్లు నిండుటకు ఒక్కదినము ముందు, రియో నగరమున వానలో, ముక్కునుండి రక్తము కారుచుండగా, సుమారు 30 కిలోమీటర్ల కొండత్రోవను 44 నిమిషముల 26 సెకండ్లలో ముగించెను. రెండవ స్థానమువారితో భేదము 6 సెకండ్లైన లేదు.

పతకములమాట యటుండనిండు. అరిగిన మృదులాస్థి మరల పూర్వరూపము పొందదు. అభ్యాసము వ్యాధిని మాపదు. వ్యాధితో బ్రదుకుటకు వలయు కండబలమును, ఊపిరిబలమును మాత్రమే యిచ్చును. అది స్వల్పమని తలపరాదు.

ఇక అభ్యాసమునకు కొలత కావలెను. మొదట పదినిమిషములు చాలును. పిదప మెల్లమెల్లగ పెంపవలెను. శ్రమ ముగిసిన రెండుగంటలకును నొప్పి మునుపటికంటె హెచ్చుగ నున్నచో నాటి శ్రమ మితిమీరినదని గుర్తు. మరునాడు తగ్గింపవలెను గాని మానరాదు. ఒకనాడు గట్టిగ, మరునాడు తేలికగ చేయుట మేలు. ఈత వచ్చినవారికి నీరే బరువు మోయును. కీలు వాచి వేడెక్కిన దినమున విశ్రాంతియే తగును. ఒక కిలో బరువు తగ్గినచో నడకలో అడుగడుగునను మోకాలిపై సుమారు 4 కిలోల భారము తగ్గునని పరిశోధకులు లెక్కగట్టిరి. కావున కంచము వద్దనుకూడ కొంత అభ్యాస మవసరము!

నొప్పిమాత్ర మ్రింగి యెండలో మైళ్ళకొలది పోవువారు కలరు. మాత్ర నొప్పిని కప్పిపుచ్చును. కీలు చేయు హెచ్చరిక వినబడదు. చెమటచే శరీరమున నీరు తగ్గినవేళ ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి మూత్రపిండములకు హాని చేయగలవు. అంగడిలో అడిగి తెచ్చుకొనుట ఎంత సులభమో, ఈ హానిని పోగొట్టుట అంత కష్టము.

వేరొక జాతి వ్యాధియు కలదు. అది అరుగుదల కాదు. శరీరమును రక్షింపవలసిన శక్తియే కీళ్ళ లోపొరపై తిరుగబడును. వ్రేళ్ళ చిన్నకీళ్ళు రెండు చేతులయందును వాచును. ఉదయమున లేచిన తరువాత గంటకు పైగ బిగుసుకొనియుండును. యువతులకును రావచ్చును. అట్టివారు సైకిలెక్కుటకు ముందు కీళ్ళవైద్యుని చూచి రక్తపరీక్ష చేయించుకొనవలెను. మందు త్వరగ మొదలిడినచో కీళ్ళు వంకరపోకుండ చాలవరకు కాపాడవచ్చును. ఆలస్యమైనకొలది ఆ యవకాశము సన్నగిల్లును.