నౌకరీ మన హక్కు, పని మన గౌరవం
(నల్లగొండలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్కారు దఫ్తరులో గుమాస్తాగా పనిచేసి నేడు పింఛను తీసుకుంటున్నవాడిని. నౌకరీ వద్దని చెప్పడానికి నేను రాలేదు. 2007 చట్టం ద్వారా బీసీ-ఇ వర్గాలకు లభించిన 4 శాతం రిజర్వేషన్లను కాపాడుకోవలసిందే. మన బిడ్డలు పోటీ పరీక్షలు రాయవలసిందే. నా అభ్యంతరం ఒక్కటే: నౌకరీ రానివాడిని పనికిరానివాడిగా చూడడం.

దేశంలో పనిచేసే ముస్లిములలో 61 శాతం స్వయం ఉపాధిపై ఆధారపడ్డారని 2006లో సచార్ కమిటీ తేల్చింది. మన ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నది ఎక్కువగా కుట్టు మిషను, పానా, తోపుడు బండి. అయినా సంబంధం చూడబోతే మనం అడిగేది రెండే ప్రశ్నలు: సర్కారు కొలువా, దుబాయా? మెకానిక్ అనగానే మాట ఆగిపోతుంది. ఆ కుర్రవాడు పని వదిలి కోచింగుకు హైదరాబాదు వెళతాడు. నోటిఫికేషను కోసం చూస్తూ ముప్పై దాటుతాడు.

దావూద్ అలైహిస్సలాం ఇనుముతో కవచాలు చేశారు. జకరియ్యా అలైహిస్సలాం వడ్రంగం చేశారు. మన ప్రవక్త (స) గొర్రెలు కాచారు, వర్తకం చేశారు. వారిని విశ్వసించే మనం చేతిపనిని ఎలా చిన్నచూపు చూడగలం?

మన ఉమ్మడి జిల్లాలోనే ఉదాహరణ ఉంది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపి మగ్గం పట్టారు. ఆసు పోసి పోసి తల్లి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం రూపొందించారు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

అలాగని మెకానిక్ కొడుకు మెకానిక్‌గానే, దూదేకుల బిడ్డ దూది ఏకుతూనే ఉండాలని నా భావం కాదు. పుట్టుకతో పనిని అంటగట్టడం అన్యాయం. ఇష్టపడి ఎంచుకున్న పనిని అవమానించడమూ అన్యాయమే.

2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలు, మేస్త్రీలు, తాళాలు చేసేవారు సహా 18 వృత్తులకు శిక్షణ, పనిముట్లకు 15 వేల రూపాయలు, రెండు విడతలుగా 3 లక్షల వరకు రుణం ఉన్నాయి. జుమా రోజున మస్జిదు కమిటీలు దరఖాస్తులు నింపించాలి. మెకానిక్కులు, దూదేకులవారి పని ఆ జాబితాలో లేవు. చేర్చమని అడగడం కూడా హక్కుల పోరాటమే.

తల్లిదండ్రులారా, ఇకపై సంబంధానికి వెళితే ఇలా అడగండి: పిల్లవాడు ఏ పని చేస్తాడు? ఎంత నేర్పుగా, ఎంత నిజాయితీగా చేస్తాడు? హలాల్ సంపాదనకు అంతకు మించిన కొలత లేదు.

ఖుదా హాఫిజ్.